పలక చెప్పని సగం

పలక మొట్టమొదటిసారి మాట్లాడిన రోజున హేచరీలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. నెల తిరక్కుండా ఆ ఎనిమిదిమందికీ పని పోయింది.

గోదావరి గట్టు దిగితే కొమ్మరలంక. ఊరి చివర బంగార్రాజుగారి చేపపిల్లల హేచరీ. తల్లిచేపల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని చేసి, చెరువుల రైతులకు అమ్మడం అక్కడి పని. వేలెడంత పిల్లల్లో ఒక్కోసారి జాతులు కలిసిపోతాయి. బొచ్చె తొట్టిలోకి శీలావతి పిల్లలు దూరతాయి, శీలావతి తొట్టిలోకి ఎర్రమోసు పిల్లలు దూరతాయి. వాటిని పళ్ళేల్లో పోసుకుని, ఒక్కోదాన్నీ చూసి, ఏ జాతి పిల్లను ఆ జాతి తొట్టిలో వేసేవాళ్ళే ఆ ఎనిమిదిమంది. వాళ్ళకు పెద్ద ఓలేటి వరహాలు. ముప్పై ఏళ్ళుగా ఆ తొట్ల మధ్యనే తిరుగుతున్న మనిషి. ఏరడమే కాదు, తల్లిచేప పొట్ట నిమిరి గుడ్లు పిండడం కూడా ఆవిడ పనే. ఆ పని ఆ చుట్టుపక్కల మరో ఆడదానికి రాదు.

పలకను తెచ్చింది రాజమండ్రి లాబొరేటరీలో పనిచేసే హైమ. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఆ పలక ఆమె ఆరేళ్ళ కష్టం. చూడడానికి బళ్ళో పిల్లల పలకలాగే ఉంటుంది. ఒక మూల చిన్న గుంట. చేప ఒంటి జిగురును దూదితో తుడిచి ఆ గుంటలో అద్దితే, తమలపాకుకు సున్నం రాసేంత సేపట్లో జాతి పేరు చెబుతుంది. ఆ గొంతు కూడా హైమదే.

"బజారులో సబ్బు కొంటే అట్ట మీద గీతలుంటాయి కదా, మిషను చూసి ఇది ఫలానా సబ్బు అంటుంది. చేప ఒంట్లోనూ అలాంటి రాత ఒకటి ఉంది. పలక దాన్ని చదువుతుంది" అని హైమ ఆడవాళ్ళకు చెప్పింది.

వరహాలు తోటికోడలు కాసులమ్మ ఆ ఎనిమిదిమందిలో ఒకతె. నోరు ఊరుకోదు. "మరి సబ్బుకైతే ధర కూడా చెప్తదండి. మీ పలక చెప్తదా?" అంది.

అందరూ నవ్వారు. కాసులమ్మ ఊరికే నవ్వించి వదల్లేదు. మర్నాడు కాలవలో పట్టిన రెండు జెల్లల్ని చెంబులో వేసుకొచ్చింది. రెండూ ఒకే పొడుగు, ఒకే రంగు, ఒకే మీసం. వాటిని విడదీయాలంటే వీపు ముల్లు వెనక వేలుపెట్టి చూడాలి, అదీ తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. పలక రెండు నిమిషాల్లో రెండింటికీ రెండు పేర్లు చెప్పింది. రెండూ సరిగ్గానే చెప్పింది.

"అమ్మనీ! జెల్లల్ని వేలితో తడిమి చెప్పే మా అత్త పలకలో దూరి కూచున్నట్టుందే" అని కాసులమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

నిన్న గుడ్డులోంచి వచ్చిన, సూది మొనంత పిల్లను కూడా పలక గుర్తుపడుతుంది. అంత చిన్నదాన్ని ఏ మనిషి కన్నూ పట్టలేదు. ఇక వేలెడంత అయ్యేదాకా ఆగి, పళ్ళేలు ముందేసుకుని కూర్చునే అవసరం ఏముంది? బంగార్రాజుగారు కోపం లేకుండానే, మర్యాదగానే ఆ మాట చెప్పి ఎనిమిదిమందినీ పంపేశారు. వరహాలు ఒక్కతే మిగిలింది. పలకకు చేతులు లేవు కదా, గుడ్లు పిండడానికి.

*

ఆషాఢం వచ్చినా ఎండ తగ్గలేదు. తొట్లో నీళ్ళు కాగబెట్టినట్టున్నాయి. ఆ రోజు తెల్లారుతూనే అయిదు బొచ్చె తల్లులకు గుడ్లు పండే ఇంజక్షన్లు వేశారు. అవన్నీ బంగార్రాజుగారు నాలుగేళ్ళ కిందట పాపికొండల దిగువన వలల్లో పడితే కొని తెచ్చి పెంచినవి. ఒక్కోటి ఆరేడు కిలోలు తూగుతాయి.

మధ్యాహ్నానికి పొట్టలు పండాయి. వరహాలు మొదటి తల్లిని తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పొట్ట మీద బొటనవేలు పైనుంచి కిందికి రాయగానే గుడ్లు జొన్నపిండి జారినట్టు జారి బేసినులో పడ్డాయి. మగచేప పొట్ట కూడా అలాగే నిమిరితే నాలుగు చుక్కల పాలు వచ్చాయి. ఆ పాలు గుడ్ల మీద పడగానే కోడి ఈకతో మెల్లగా కలిపింది. ఈకైతే గుడ్డు చితకదు. చెయ్యి పెడితే చితుకుతుంది.

మూడు బేసిన్లు అలా అయ్యాయి. నాలుగో తల్లిని పిండి, మగచేపను తీసుకుని నిమిరింది. చుక్క రాలేదు. ఇంకోటి తెప్పించింది. అదీ అంతే. ఎండకు మగచేపలు ఎండిపోయాయి. మూడోది కూడా చూసింది. ఏమీ రాలేదు.

బేసినులో గుడ్లు నిగనిగలాడుతూ చూస్తున్నాయి. పాలు పడకపోతే అరగంట బతుకు. ఆ తరువాత తెల్లగా పాలిపోతాయి. వరహాలు అటూ ఇటూ చూసింది. పక్క తొట్టిలో శీలావతి మగచేపలు చెంగుచెంగున ఎగురుతున్నాయి.

అది కొత్త సంగతి కాదు. ఏ హేచరీలోనైనా జరిగేదే. పండిన గుడ్డును చావనివ్వకూడదు. అది ఆ పని నేర్పినవాళ్ళు మొదటి రోజునే చెప్పే మాట. బొచ్చె గుడ్డుకు శీలావతి పాలు పడితే పిల్లలు చక్కగానే పుడతాయి, చెరువులో చక్కగానే పెరుగుతాయి, రైతు చక్కగానే తింటాడు, అమ్ముతాడు. ఎవరికీ నష్టం లేదు. వరహాలు ఒక శీలావతి మగచేపను పట్టి నాలుగో బేసినులోనూ, అయిదో బేసినులోనూ పాలు పిండింది. ఈకతో కలిపింది. అయిదు బేసిన్ల గుడ్లూ ఒకే తొట్టిలో పోసింది.

"ఏం వరహాలూ, అన్నీ నిలిచాయా?" అని బంగార్రాజుగారు గేటు దగ్గర్నుంచి కేకేశారు.

"నిలిచాయండి, ఆయ్" అంది వరహాలు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. గుడ్లు నిలిచాయి.

*

పది రోజులకు హైమ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట మత్స్యశాఖ పెద్ద ఆఫీసరుగారు కూడా ఉన్నారు. పాపికొండల నుంచి ధవళేశ్వరం దాకా నదిలో బొచ్చె చేప కనబడడం మానేసింది. ఒకప్పుడు వల వేస్తే పడేది, ఇప్పుడు ఏడాదికి ఒకటి పడితే ఊరంతా చెప్పుకుంటున్నారు. అందుకని నదిలో పుట్టిన తల్లుల పిల్లల్నే, కల్తీ లేని పిల్లల్నే, లక్ష తెచ్చి నదిలో వదలాలని ప్రభుత్వం తలపెట్టింది. నది తల్లులున్నది బంగార్రాజుగారి దగ్గరే.

ఏ తొట్టి పిల్లల గురించి మాట్లాడుతున్నారో వరహాలుకు తెలుసు. అయినా భయపడలేదు. పలక ఉంది కదా. కాసులమ్మ జెల్లల్ని విడదీసిన పలక ఇది పట్టుకోదా? పట్టుకుంటుంది, నాలుగు మాటలు పడాల్సి వస్తుంది, ఆ పిల్లల్ని చెరువులకు అమ్ముకుంటారు, మళ్ళీ వానలు పడ్డాక కొత్తగా పిండుదాం అనుకుంది.

హైమ తొట్టిలో గరిటె ముంచి వంద పిల్లల్ని తీసింది. ఒక్కొక్కటే పలక మీద పెట్టింది.

"ఇది బొచ్చె." "ఇది బొచ్చె." "ఇది బొచ్చె."

వందకు వంద. ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు. ఆఫీసరుగారు చప్పట్లు కొట్టారు. బంగార్రాజుగారు మీసం దువ్వుకున్నారు.

వరహాలుకు మొదట బరువు దిగినట్టయింది. ఆ తరువాత లెక్క కుదరలేదు. రెండు బేసిన్లలో శీలావతి పాలు పోసింది ఈ చేతులే. మరి ఆ పిల్లలేమైనట్టు? ఆ గుడ్లన్నీ చచ్చి, మూడు బేసిన్లవే బతికాయా? లేకపోతే తనకే ఎండదెబ్బ తగిలి ఏదో అనుకుందా? మిషను చెప్పాక మనిషికి తన చేతుల మీదే నమ్మకం పోతుందని ఆ రోజు తెలిసింది ఆవిడకు.

*

వినాయక చవితి వెళ్ళేసరికి పిల్లలు వేలెడంత అయ్యాయి. నదిలో వదలడానికి వారం రోజులుంది. మేత వేస్తూ వరహాలు ఒక పిల్లను దోసిట్లోకి తీసుకుంది. బొచ్చె పిల్లకు తల బరువు. దోసిట్లో పెడితే తలవైపు ఒరుగుతుంది. కింది పెదవి మందంగా, అలిగిన పిల్లలా ముందుకొచ్చి ఉంటుంది. ఈ పిల్ల ఒరగలేదు. పెదవి సన్నగా ఉంది, అంచున కుట్టుపోగుల్లాంటివి ఉన్నాయి. దాన్ని వదిలి ఇంకోటి తీసింది. అది ఒరిగింది. మూడోది ఒరగలేదు.

ఆ సాయంత్రం రెండు పిల్లల్ని క్యానులో వేసుకుని కాసులమ్మ ఇంటికి వెళ్ళింది. కాసులమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పని పోయినప్పటి నుంచి తోటికోడళ్ళ మధ్య మాటలు కాస్త పొడిపొడిగా ఉన్నాయి.

"ఇదేంటో చూడవే" అంది వరహాలు, క్యాను మూత తీసి.

కాసులమ్మ ఒక్క చూపు చూసింది. "ఇది బొచ్చె. ఇదేంటక్కా, బొచ్చె శీలావతితో లేచిపోయి కన్నదేటి?"

వరహాలుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. జరిగిందంతా చెప్పింది. కాసులమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి విన్నది.

"అయితే ఏటంట? పలక బొచ్చె అని రాసిచ్చింది. ఆఫీసరుగారు తలూపారు. పలకని పల్లకీ ఎక్కించారు, ఊరేగనీ. ఎనిమిదిమందిని బయటికి తోసినప్పుడు ఎవరైనా నోరెత్తేరా? నువ్వెత్తేవా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

"ఎత్తలేదే. తప్పే. కానీ ఇది చెరువు కాదే, గోదారి. చెరువైతే ఏడాదికి ఎండగట్టి ఖాళీ చేస్తారు. గోదారిని ఎవడు ఎండగడతాడు? ఈ పిల్లలు గొడ్డువి కావు. మిగిలిన నాలుగు బొచ్చెలతో కలుస్తాయి, పిల్లల్ని పెడతాయి. పదేళ్ళు పోయాక నదిలో అసలు బొచ్చె అనేది ఉండదు. అన్నీ ఇలాంటివే. అప్పుడు నా చేత్తో పిండింది ఏరడానికి ఎవరొస్తారు?"

"చెప్తే నీ పని కూడా పోద్ది."

"పోద్ది" అంది వరహాలు. "పొద్దున్నే మొదటి బస్సుకి రాజమండ్రి పోతాను."

*

లాబొరేటరీలో చల్లగా ఉంది. గోడ పొడుగునా గాజు సీసాలు, వాటిలో చేపల రెక్కల ముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. హైమ వరహాలును చూసి లేచి నిలబడి కుర్చీ జరిపింది. కాఫీ తెప్పించింది.

"డాక్టరమ్మా, ఈ రెంటినీ పలక మీద పెట్టండి" అంది వరహాలు, క్యాను చూపించి.

పలక రెండింటినీ బొచ్చె అనే చెప్పింది.

"ఇప్పుడు పలక పక్కనెట్టి మీరు చూడండి."

హైమ రెండింటినీ తెల్ల పళ్ళెంలో వేసి దీపం కింద పెట్టింది. చాలాసేపు చూసింది. తలల వెడల్పు కొలిచింది. పెదవుల మీద భూతద్దం పెట్టింది. ఒకదాన్ని మాత్రం పళ్ళెంలో పక్కకు జరిపింది.

వరహాలు దాచకుండా చెప్పేసింది. ఎండ, ఎండిపోయిన మగచేపలు, నాలుగో బేసిను, అయిదో బేసిను. చెప్పి, "తప్పు నాదండి. అందులో సందేహం లేదు. కానీ నాకో సంగతి అర్థం కాలేదు. మీ పలక చేపని ఏమడుగుద్దండి?" అంది.

"ఏమడుగుతుందంటే?"

"నేను దోసిట్లో పెట్టుకుని నీ తల ఎంత, నీ పెదవి ఎలాంటిది అని అడుగుతానండి. పలకకి కళ్ళు లేవు కదా. అదేం అడుగుద్ది?"

హైమ భూతద్దం బల్ల మీద పెట్టింది. కుర్చీలో కూర్చుంది.

"ప్రతి ప్రాణి ఒంట్లో రెండు రాతలుంటాయి, వరహాలమ్మగారూ. ఒకటి చాలా పెద్దది. తల్లీ తండ్రీ చెరిసగం రాసేది. రెండోది చాలా చిన్నది. అది తల్లి ఒక్కతే రాస్తుంది, తండ్రి చెయ్యి అందులో పడదు. మనవరాలికి కూడా అమ్మమ్మ రాసినట్టే వస్తుంది. పలక చదివేది ఆ చిన్న రాత."

"పెద్దది వదిలేసి చిన్నదెందుకండి?"

"చిన్నది కాబట్టే. ఒక్క నిమిషంలో చదవచ్చు. పెద్దది చదవాలంటే ఆ గదిలో ఉన్న మిషను కావాలి, పన్నెండు రోజులు పడుతుంది."

వరహాలు ఆ మాటను నోట్లో తిప్పుకుంది. "అంటే పలక అబద్ధం చెప్పలేదండి."

"లేదు. సగం చెప్పింది."

"మా ఊళ్ళో అయితే పిల్ల ఎవరమ్మాయి అంటే తండ్రి పేరే చెప్తారండి. తల్లి ఊసెత్తరు. మీ పలక దానికి కక్ష తీర్చుకున్నట్టుంది" అని వరహాలు నవ్వింది.

హైమ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. అలమరలోంచి లావుపాటి రిపోర్టు తీసి ఒక పేజీ తిప్పింది. "ఇదిగో, పద్నాలుగో పేజీలో రాశాను. రెండు జాతులు కలిసి పుట్టిన పిల్లను పలక గుర్తుపట్టలేదు అని. పై ఆఫీసులో అచ్చు వేసినప్పుడు ఆ వాక్యం తీసేశారు. చదివేవాళ్ళకు గందరగోళంగా ఉంటుందన్నారు. నేను ఊరుకున్నాను. పలక అన్ని హేచరీలకూ వెళుతుందన్న సంతోషంలో ఊరుకున్నాను." ఆమె రిపోర్టు మూసేసింది. "నలభై ఆరు హేచరీలకు వెళ్ళింది. రెండు రిజర్వాయర్లలో పిల్లల్ని వదిలేశారు కూడా. వాటిలో ఎన్ని ఇలాంటివో ఇక ఎవరూ చెప్పలేరు."

వరహాలు రెండు పిల్లల్నీ మళ్ళీ క్యానులో వేసుకుంది.

"వెళ్ళిపోయినవాటిని మనం తేలేం అమ్మా" అంది వరహాలు. ఆమెకు తెలియకుండానే 'డాక్టరమ్మా' పోయి 'అమ్మా' వచ్చింది. "మా తొట్టిలోవి ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. లెగండి."

*

నదిలో వదలడానికి ఆరు రోజులుంది. ఆ పిల్లలన్నీ అసలు బొచ్చెలేనని తన సంతకంతో ఇచ్చిన సర్టిఫికెట్టును హైమ ఆ మధ్యాహ్నమే తనే రద్దు చేసి పంపింది. ఆఫీసరుగారు ఫోనులో అరిచిన అరుపు పక్కనున్న వరహాలుకు కూడా వినబడింది. మంత్రిగారు వస్తున్నారు, పందిరి వేస్తున్నారు, ఇప్పుడా చెప్పడం అంటున్నారు. హైమ ఫోను చెవికి దూరంగా పట్టుకుని, "వాయిదా వేయండి సార్, వేయకపోతే నేనే పత్రికలవాళ్ళకు చెబుతాను" అని పెట్టేసింది. వరహాలు ఆమె చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం హేచరీలో బంగార్రాజుగారు అరవలేదు. అరవకపోవడానికే వరహాలుకు భయం వేసింది.

"ముప్పై ఏళ్ళుగా నిన్ను ఇంటి మనిషిలా చూశాను" అన్నారు.

"చూశారండి. అందుకే దాచకుండా చెప్పేను."

"మాకు చెప్పకుండా రాజమండ్రి వెళ్ళి చెప్పావు."

"మీకు చెప్తే ఊరుకోమనేవారండి."

బంగార్రాజుగారు తొట్టి వైపు తిరిగారు. "ఈ తొట్టి సంగతి తేల్చి వెళ్ళు. వచ్చే సీజనుకు వేరే మనిషిని చూసుకుంటాను."

"అలాగేనండి. కానీ ఈ తొట్టి నా ఒక్కదాని వల్ల తేలదు. ఆ ఎనిమిదిమందినీ పిలిపించండి."

"ఎందుకు?"

"లక్ష పిల్లలండి. ఒక్కోదాన్నీ చేత్తో చూడాలి. పలకకి వచ్చేది పలక చేసింది. దానికి రానిది మేం చేస్తాం."

కాసులమ్మ రానంటుందేమోనని వరహాలు అనుమానపడింది. కాసులమ్మ అందరికన్నా ముందొచ్చింది. కొంగు నడుముకు దోపి, పళ్ళెం ముందుకు లాక్కుని, "ఏవండీ రాజుగారూ, పలకమ్మ తల్లి బాగుందా? ఒంట్లో నలతగా ఉందని విన్నాం, చూసిపోదామని వచ్చేం" అంది. బంగార్రాజుగారు తల తిప్పుకుని వెళ్ళిపోయారు.

మూడు రోజులు ఏరారు. వరహాలు ముందే ఒక నియమం పెట్టింది. మూడు తొట్లు. తల ఒరిగి, పెదవి మందంగా ఉన్నది మొదటి తొట్టిలోకి. ఒరగనిది రెండో తొట్టిలోకి. చూడగానే చెప్పలేకపోతే, రెండోసారి చూడకుండా మూడో తొట్టిలోకి.

"రెండోసారి చూస్తే ఏటి?" అని ఒకామె అడిగింది.

"రెండోసారి చూస్తే మంచిదే అనిపిద్ది. జాలేసి మంచి తొట్లో వేస్తాం. గోదారి విషయంలో జాలి వద్దు."

హైమ కూడా వాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుంది. మొదటి పూట ఆమె ఏరిన పళ్ళెం చూసి కాసులమ్మ సగం తిరిగి పోసింది. "డాక్టరమ్మగారూ, మీరు పెదవి చూస్తన్నారు. ముందు బరువు చూడండి. చెయ్యి చెప్పేక కన్ను చూడాలి." రెండో రోజుకు పావు వంతు తిరిగి పోసింది. మూడో రోజు ఏమీ అనలేదు.

మొదటి తొట్టిలో యాభై ఎనిమిది వేలు తేలాయి. రెండో దానిలో ముప్పై వేలు. మిగిలినవి సందేహం తొట్టిలో. హైమ మొదటి తొట్టిలోంచి అయిదు వందల పిల్లల రెక్కల కొసలు కత్తిరించి పెద్ద మిషనుకు పంపింది. ఇక పన్నెండు రోజులు ఎదురు చూడాలి.

పదమూడో రోజు పొద్దున హైమ హేచరీకి వచ్చేసరికి తొమ్మిదిమందీ తొట్టి చుట్టూ నిలబడి ఉన్నారు.

"నాలుగు వందల తొంభై ఏడు అసలు బొచ్చెలు" అంది హైమ. "ఎవరూ ఇంతకన్నా బాగా చెయ్యలేరు. మూడు మాత్రం కలిసి పుట్టినవి."

అయిదు వందలకు మూడంటే మొత్తానికి మూడు వందల యాభై. అన్ని చాలు, పదేళ్ళలో నదంతా పాకడానికి.

"ఆఫీసరుగారు ఇది చాలన్నారు" అంది హైమ, నేల చూస్తూ. "నూటికి తొంభై తొమ్మిది పైన ఉంది కదా అంటున్నారు."

వరహాలు కాసులమ్మ వంక చూసింది. కాసులమ్మ వంగి తన పళ్ళెం తీసుకుంది. మిగిలినవాళ్ళూ తీసుకున్నారు. యాభై ఎనిమిది వేలనూ మళ్ళీ మొదటి నుంచి ఏరారు. ఈసారి ఇద్దరిద్దరు. ఒకరు వేసినదాన్ని ఇంకొకరు చూడాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే మంచి తొట్టిలోకి. నలభై తొమ్మిది వేలు మిగిలాయి. మళ్ళీ అయిదు వందలు పంపారు. మళ్ళీ పన్నెండు రోజులు.

ఈసారి ఒక్కటి కూడా లేదు.

*

మంత్రిగారి పందిరి ఎప్పుడో విప్పేశారు. కార్తీకం ఎండలో, గట్టు కింద రేవులో, చేపపిల్లల డ్రమ్ములతో రెండు లారీలు వచ్చి ఆగాయి. ఆఫీసరుగారు, బంగార్రాజుగారు, పడవల వాళ్ళు, ఊళ్ళో జనం కొంత. తొమ్మిదిమంది ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి నిలబడ్డారు.

వరహాలుకు ఇది ఆ హేచరీలో ఆఖరి పని. బంగార్రాజుగారు మాట మార్చుకోలేదు, ఆవిడా అడగలేదు. గోదారి పొడుగునా హేచరీలున్నాయి, గుడ్లు పిండే చేతికి కరువు లేదు అని కాసులమ్మతో అంది, అలాగే అనుకుంది. హైమను పలకల పని నుంచి తప్పించి మామూలు లాబొరేటరీ పనికి వేశారు. పోయే ముందు ఆమె ఒక్క పని చేసింది. నలభై ఆరు పలకల్నీ వెనక్కి తెప్పించి, వాటిలో తన గొంతుతో మాటలు మళ్ళీ కొత్తగా రికార్డు చేసింది. ఆ సంగతి ఆఫీసరుగారికి ఇంకా తెలియదు.

"జనం చూస్తున్నారు, ఒకసారి పలకతో చెప్పించండి" అన్నారాయన.

హైమ డ్రమ్ములోంచి ఒక పిల్లను తీసి, దూదితో తుడిచి, గుంటలో అద్దింది. పలక మాట్లాడింది.

"దీని తల్లి బొచ్చె. తండ్రి ఎవరో నాకు తెలియదు."

పడవల వాళ్ళు పగలబడి నవ్వారు. ఆఫీసరుగారి మొహం కందిపోయింది. "ఇదేంటమ్మా, నలుగురిలో? తెలియదంటుందేమిటి?"

"తెలియదు సార్. అందుకే తెలియదంటోంది" అని హైమ ఆ పిల్లను వరహాలు దోసిట్లో పెట్టింది.

వరహాలు దాన్ని నీటి మీద పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చేపపిల్ల దోసిట్లో మెల్లగా తలవైపు ఒరిగింది. కళ్ళు తెరిచి పెదవి చూసింది.

"తండ్రి కూడా బొచ్చేనండి" అని గట్టిగా, రేవంతా వినబడేలా చెప్పి, చేతులు విడిచింది. పిల్ల ఒక్కసారి తోక విదిల్చి గోదాట్లోకి పోయింది.

"ఇంకా నలభై ఎనిమిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది" అంది కాసులమ్మ, రెండో డ్రమ్ము మూత లాగుతూ.